గరికకు నీడ పడదు: అడవికొండల మీద కాలనీ గోల్ఫ్ కోర్సు

చింతచెట్టు కింద గరిక మొలవదని పల్లెలో ఎవరైనా చెబుతారు. అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో, పైన్ చెట్ల అడవిని చీల్చి కొండల మీదుగా వేసిన కాలనీ గోల్ఫ్ కోర్సుల బాధ కూడా సరిగ్గా అదే. అక్కడి ఫెయిర్‌వేల (బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక దారుల) మీద పెంచే బెర్ముడా గడ్డి మరెక్కడిదో కాదు, వినాయక చవితికి రెండేసి పోచలుగా తుంచి పూజ చేసే గరికకు సొంత బిడ్డ. ఆ గరికనూ, ఆఫ్రికా గరిక జాతి ఒకదాన్నీ సంకరపరచి జార్జియాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం 1960లో విడుదల చేసిన టిఫ్‌వే 419 రకం ఇప్పటికీ ఎన్నో కోర్సుల మీద ఉంది. తొక్కినా, కోసినా, ఎండకు మాడినా మళ్లీ చిగురించే మొండి గడ్డి ఇది. నీడ దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది.

ఈ రకం కోర్సులను అర్థం చేసుకోవడానికి హాట్ స్ప్రింగ్స్ విలేజ్ మంచి ఉదాహరణ. వాషిటా కొండల్లో సుమారు 26 వేల ఎకరాల్లో జాన్ కూపర్ సంస్థ 1970లో మొదలుపెట్టిన గేటెడ్ కాలనీ ఇది. స్థలాలు కొన్నవాళ్ల సంఘానికే చెరువులు, రోడ్లు, గోల్ఫ్ కోర్సులు చెందుతాయి. కోర్సులకు డిసోటో, కోర్టెజ్, బల్బోవా, మెగెల్లాన్ అంటూ పాత సముద్రయాత్రికుల, దండయాత్రికుల పేర్లు పెట్టారు. వాళ్లలో డిసోటో ఒక్కడే 1541లో ఈ అర్కాన్సా నేల తొక్కినవాడు, మిగతావాళ్లు ఇటు వచ్చినవాళ్లే కారు. ఇసబెల్లా అనే కోర్సుకు 27 హోల్స్ (మొదటి దెబ్బ నుంచి బంతి గుంటలో పడేదాకా సాగే ఆట భాగాలు) ఉన్నాయి. సభ్యులు నెలనెలా కట్టే చందా, ఆటకు వచ్చే రుసుము, కార్ట్ (ఆటగాళ్లు తిరిగే చిన్న బండి) అద్దె, వీటితోనే అన్నీ నడవాలి. స్థలం కొని ఇల్లు కట్టనివాళ్లు, ఇల్లు కట్టినా గోల్ఫ్ కర్ర చేతపట్టనివాళ్లు కూడా ఆ చందా కడతారు. గడ్డి సంగతి చివరికి ఓట్ల సంగతి అయ్యేది అందుకే.

వాతావరణం ముందే ఒక చిక్కు పెడుతుంది. గోల్ఫ్ గడ్డి రెండు రకాలు: చల్లని కాలపు గడ్డి, వేడి కాలపు గడ్డి. ఉత్తరాన మొదటిది, దక్షిణాన రెండోది ఏ పేచీ లేకుండా పెరుగుతాయి. అర్కాన్సా ఆ రెండింటి మధ్య సంధిప్రాంతం. వేసవిలో 35 డిగ్రీలు దాటే ఎండకు చల్లని గడ్డి వేర్లు కుళ్లుతాయి, శీతకాలపు గడ్డకట్టే చలికి వేడి గడ్డి చస్తుంది. దాంతో చాలా చోట్ల ఫెయిర్‌వేల్లో గరిక జాతినో జోయ్సియా అనే మరో వేడి గడ్డినో వేసి, గ్రీన్ల (బంతి పడే గుంట చుట్టూ నున్నగా కోసిన పచ్చిక) మీద మాత్రం సన్నని, మెత్తని చల్లని కాలపు బెంట్ గడ్డిని నిలబెడుతూ వచ్చారు. ఒకే హోల్‌లో రెండు పంటలు, రెండు కాలాలు, రెండు రోగాల జాబితాలు. దానికి కొండ తోడైతే వాన నీరు, అడవి తోడైతే నీడ వచ్చి చేరతాయి.

నీడనే ముందు తీసుకోవాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

హాట్ స్ప్రింగ్స్ విలేజ్ 34.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే శ్రీనగర్ కంటే కాస్త ఉత్తరాన ఉంది. జూన్ నెలాఖరుకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు 79 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. డిసెంబరులో 32 డిగ్రీలు దాటడు. 25 మీటర్ల పైన్ చెట్టు నీడ జూన్ మధ్యాహ్నం 5 మీటర్లే పడుతుంది, డిసెంబరులో 40 మీటర్లు. వేసవి మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన కమిటీకి గ్రీన్ అంతా ఎండలోనే కనిపిస్తుంది. 'ఇక్కడ నీడ ఏదీ?' అని అడిగి వెళ్లిపోతారు. అదే జూన్‌లో పొద్దున ఎనిమిది దాటాక వచ్చి చూస్తే ఆ చెట్టు నీడ 50 మీటర్ల పైచిలుకు ఉంటుంది. తూర్పు, ఆగ్నేయాల్లో వరుసగా పైన్లున్న గ్రీన్‌కు పదిన్నర దాకా ఎండ తగలదు.

బెంట్ గడ్డికి పొద్దుటి ఎండ విలువ మధ్యాహ్నపు ఎండకు లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే అది ఆహారం బాగా తయారుచేసుకుంటుంది. మధ్యాహ్నపు వేడిలో తయారుచేసేదాని కంటే ఖర్చుపెట్టేది ఎక్కువవుతుంది. పైగా పొద్దుటి ఎండ పడని గ్రీన్ మీద మంచు తడి ఆరదు. ఆకు తడి గంటల తరబడి నిలిచిందంటే డాలర్ స్పాట్, పిథియం వంటి బూజు తెగుళ్లు తయారు. పడమటి ఎండ ఎంత పడినా ఈ లోటు తీరదు. చెట్లు కొట్టక తప్పదంటే తూర్పు, ఆగ్నేయ దిక్కుల చెట్లతో మొదలుపెట్టి, ఉత్తరం వైపు చెట్ల జోలికి పోకుండా ఉండటం ఇందుకే. ఉత్తరాన ఉన్న చెట్టు నీడ గ్రీన్ మీద పడదు, గాలికి అడ్డు అవుతుందా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి.

గరికది ఇంకో సమస్య. దానికి పెరిగే కాలంలో రోజుకు ఎనిమిది గంటల సూటి ఎండ కావాలి. జోయ్సియా నాలుగైదు గంటలతో సర్దుకుంటుంది. గరిక శీతకాలంలో గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది కాబట్టి అప్పుడు నీడ ఉన్నా ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. తప్పు. డిసెంబరు, జనవరి నెలల్లో 40 మీటర్ల నీడ కింద, ఉత్తరం వైపు వాలిన కొండ మీద నేల రోజుల తరబడి గడ్డకట్టే ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఫెయిర్‌వే పచ్చబడుతుంటే ఆ నీడ ఆకారంలోనే చచ్చిన మచ్చ బయటపడుతుంది. మచ్చ అంచు మీదుగా నడిచి దక్షిణానికి తిరిగి చూస్తే దోషి ఎదురుగా నిలబడి ఉంటుంది.

నీడ ఒక్కటే అయితే సగం బాధే. చెట్టు వేరు ఆ చెట్టు ఎత్తుకు మించి కూడా పాకుతుంది, నీళ్లు పెట్టి ఎరువు వేసే గ్రీన్ వైపే పాకుతుంది. గ్రీన్ అంచు ఎండిపోతుంటే నీళ్లు చాలడం లేదని తూములు తిప్పుతారు, తాగేది చెట్టు. గ్రీన్ చుట్టూ 60 సెంటీమీటర్ల లోతున సన్నని కందకం తవ్వి వేర్లు కోయడం దీనికి మందు. రెండు మూడేళ్లకు అవి మళ్లీ వస్తాయి కాబట్టి కందకంలో గట్టి ప్లాస్టిక్ అడ్డుతెర నిలబెట్టి పూడుస్తారు. తవ్వే ముందు స్ప్రింక్లర్ వైర్లు, పైపులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోకపోతే ఒక్క పూటలో రెండు పనులు చేతికొస్తాయి. వాషిటా కొండల్లో ఇంకో ఇబ్బంది, మట్టి పొర పలచన. కింద ఇసుకరాయి, షేల్, కత్తులు సానపట్టే నొవాక్యులైట్ రాయి. కందకం యంత్రం పళ్లు అక్కడ నిలవవు.

ఆ పలచని మట్టి వల్లనే చెట్లు కొట్టే పద్ధతి కూడా మారాలి. దట్టమైన పైన్ల గుంపులో సగం చెట్లు తీసేసి, మిగతావాటిని విడివిడిగా వదిలితే అందరికీ రాజీగా కనిపిస్తుంది. గుంపుగా పెరిగిన చెట్టు ఒంటరిగా గాలికి నిలబడటం నేర్చుకోలేదు. పైన బరువు, కింద లోతులేని వేరు. తరువాతి గాలివానకు అవీ పడతాయి, ఈసారి గ్రీన్ మీదో ఇంటి కప్పు మీదో. 2000 డిసెంబరులో అర్కాన్సాను రెండు వారాల తేడాతో కొట్టిన రెండు మంచు తుఫానుల్లో కొమ్మలకు పేరుకున్న మంచు బరువే పైన్లను విరిచింది. తీస్తే గుంపు మొత్తం తీయాలి, లేదా ముట్టుకోకూడదు. మొద్దును నేలకు 25 సెంటీమీటర్ల కిందిదాకా పిండి చేసి, ఆ చెక్కపొట్టును ఎత్తి పారేసి మట్టి నింపాలి. పొట్టు అలాగే వదిలితే అది కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. పైన వేసిన గడ్డి పసుపుపచ్చగా మారుతుంది, ఏడాది రెండేళ్లకు గుంట పడుతుంది.

చెట్ల విషయంలో అందరూ చెప్పుకునే కథ పెన్సిల్వేనియాలోని ఓక్‌మాంట్ క్లబ్బుది. మొదట దాదాపు చెట్లే లేని ఆ కోర్సులో ఇరవయ్యో శతాబ్దం మధ్యలో విరివిగా నాటారు. 1990లలో సభ్యుల కంటపడకుండా తెల్లవారకముందే కొట్టడం మొదలుపెట్టి, చివరికి వేల చెట్లు తీసేశారు. ఆ పద్ధతి కాలనీలో పనికిరాదు. ఓక్‌మాంట్‌లో సభ్యుడు ఆట ముగించుకుని ఇంటికి వెళ్తాడు. ఇక్కడ ఆయన ఇంటి వెనక వరండా నుంచి ఆ చెట్టునే చూస్తూ కాఫీ తాగుతాడు. ఆ స్థలానికి అంత ధర పెట్టిందే చెట్టును చూసి. రంపం మోత విన్న పది నిమిషాల్లో సంఘం ఆఫీసు ఫోను మోగుతుంది.

పనికొచ్చే దారి లెక్క చూపించడం. ఫోన్‌లో సూర్యుడి దారి చూపే యాప్‌తో గ్రీన్ మధ్యలో నిలబడితే ఏ చెట్టు ఏ నెలలో ఎన్ని గంటలు అడ్డువస్తుందో విడివిడిగా తెలుస్తుంది. సాధారణంగా గ్రీన్ చుట్టూ ఉన్న నలభై చెట్లలో అయిదారే నీడలో ఎక్కువ భాగం వేస్తాయి. వాటికే రిబ్బను కడతారు. జబ్బు గ్రీన్‌నూ, ఆరుబయట ఉన్న గ్రీన్‌నూ ఒకే రోజు పొద్దున ఎనిమిది, పది, పన్నెండు గంటలకు ఫొటో తీసి పక్కపక్కన పెడితే సమావేశంలో సగం వాదన అక్కడే ఆగిపోతుంది. సరిహద్దు రాయికి అవతల, నివాసి స్థలంలో ఉన్న చెట్టు మాత్రం ఆయన అనుమతి లేకుండా తాకేది కాదు. అలాంటి చోట గ్రీన్ పక్కన పెద్ద ఫ్యాన్ పెట్టి గాలి ఆడిస్తారు. తడి ఆరుతుంది, వేడి తగ్గుతుంది, కానీ వెలుతురు రాదు. ఫ్యాను మోతకు మళ్లీ ఫిర్యాదు.

ఇక నీళ్లు. కొండ మీద గ్రీన్ కట్టాలంటే పై వైపు తవ్వి, ఆ మట్టిని కింది వైపు పోసి, అరుగులా చదును చేస్తారు. తవ్విన వైపు కొండ కడుపులోని ఊట బయటపడుతుంది, పోసిన వైపు నేల ఏళ్ల తరబడి కుంగుతుంది. వాన వెలిసి మూడు రోజులైనా గ్రీన్ పై అంచున బూటు దిగబడుతోందంటే అది వాన నీరు కాదు, ఊట. ఈ తేడా పట్టుకోకపోతే ఎంత ఖర్చుపెట్టినా దండగే, ఎందుకంటే చాలామంది తడి ఉన్నచోటే పైపు వేస్తారు. ఊటను దానికి ఎగువనే, వాలుకు అడ్డంగా ఆపాలి. తడి మొదలయ్యే గీతకు రెండు మూడు మీటర్ల పైన, నీరు ఊరే పొర దాటి గట్టి పొర తగిలేదాకా కందకం తవ్వి, అడుగున చిల్లుల పైపు పరచి, కంకర నింపి, ఆ నీటిని పక్కకు తిప్పి లోయలోకి వదలాలి. పైన పారే వాననీటికి వేరే ఏర్పాటు కావాలి. గ్రీన్‌కు ఎగువన లోతులేని, వెడల్పాటి గడ్డి కాలువ ఒకటి తీస్తే చాలు, కొండ నీరంతా గ్రీన్ మీద ఎక్కకుండా అటూ ఇటూ చీలిపోతుంది.

గ్రీన్ లోపలి కట్టుబడికి అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించి, తరువాత పలుమార్లు సవరించిన పద్ధతి ఉంది. అడుగున 10 సెంటీమీటర్ల చిల్లుల పైపులు, ఒకదానికొకటి 4.5 మీటర్లకు మించని ఎడంతో. వాటిమీద 10 సెంటీమీటర్ల కంకర, దానిమీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. ఆ మిశ్రమం గంటకు కనీసం 150 మిల్లీమీటర్ల నీటిని దిగనివ్వాలి. సన్నని ఇసుక కింద ముతక కంకర ఉన్నప్పుడు ఇసుక నిండా తడిసేదాకా నీరు కిందికి జారదు. ఎండలో గడ్డికి నీరు నిలిపేది, కుండపోతలో నీటిని వదిలేసేది ఆ రెండు పొరల సంధే. కొండ గ్రీన్‌లో దీనికి ఒక లోపం ఉంది. వాలు ఎక్కువైతే నీరు ఇసుకలోనే పక్కకు జరిగి పల్లపు అంచున చేరుతుంది. పై అంచు ఎండుతుంది, కింది అంచు పాచిపడుతుంది. ఆ పల్లపు అంచు వెంబడి ఒక పైపు అదనంగా వేయడం మరవకూడదు. పాతకాలపు మట్టి గ్రీన్లకైతే ఏడాదికి రెండుసార్లు 12 మిల్లీమీటర్ల బోలు మేకులతో 5 సెంటీమీటర్లకొకటి చొప్పున చిల్లులు పొడిచి ఇసుక నింపుతారు. ఒక్కసారికి పైమట్టిలో నాలుగున్నర శాతమే మారుతుంది. మూడేళ్లు విడవకుండా చేస్తే గానీ తేడా తెలియదు. చిల్లులు పొడిచిన వారం ఆటగాళ్ల సణుగుడు విని ఒక ఏడాది మానేస్తే ఖర్చుపెట్టిందంతా వెనక్కి పోతుంది.

స్ప్రింక్లర్ల దగ్గర కొండ లెక్క సూటిగా ఉంటుంది: 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ ఒత్తిడి పోతుంది. లోయలోని చెరువు దగ్గర పంపు, 40 మీటర్ల పైన గ్రీన్ ఉంటే నాలుగు బార్లు ఎక్కడానికే ఖర్చు. పైనున్న స్ప్రింక్లర్ తలకు అయిదు బార్లు కావాలంటే కింద తొమ్మిదికి పైనే తోయాలి. అదే పైపు మీద కింద ఉన్న తలకు తొమ్మిది బార్లు తగిలితే నీరు చినుకులుగా పడదు, పొగలా లేచి గాలికి అడవిలోకి పోతుంది. ప్రతి తలలోనూ ఒత్తిడి నియంత్రించే వాల్వు ఉండాలి. రెండో లోపం ఇంకా నంగనాచిది. నీళ్లు ఆపేశాక పైపులో మిగిలిన నీరంతా అన్నిటికంటే పల్లంలో ఉన్న తల నుంచి కారిపోతుంది. 50 మిల్లీమీటర్ల పైపు 100 మీటర్లుంటే అది దాదాపు 200 లీటర్లు, రాత్రికి ఎన్నిసార్లు కడితే అన్నిసార్లు. ఫెయిర్‌వేలో ఒకే చోట ఎప్పుడూ బురదగా ఉండి, చుట్టుపక్కల ఊట జాడ లేకపోతే ఆ తలలో నీటిని వెనక్కి ఆపే వాల్వు లేదనో, అరిగిందనో అర్థం. ఇరవై నిమిషాల పని. దాన్ని మురుగు సమస్య అనుకుని కందకాలు తవ్విన కోర్సులు లేకపోలేదు.

వాలు మీద ఒకే దఫా ఇరవై నిమిషాలు నీళ్లు కడితే సగం కిందికి పారిపోతుంది. అయిదేసి నిమిషాలు నాలుగు దఫాలు, నడుమ అరగంట విరామంతో కడితే నేల తాగుతుంది. ఒక హెక్టారుకు 25 మిల్లీమీటర్ల నీరంటే 2.5 లక్షల లీటర్లు కాబట్టి పారిపోయే సగం చిన్న లెక్క కాదు.

బంకర్ల గురించి ఒక్క మాట చాలు. కొండ వాలులో నిటారు గోడల ఇసుక గుంటలు గీసిన డిజైనర్ ప్రతి గాలివాన తరువాత పార పట్టుకుని అక్కడికి రావాల్సిన పనిలేదు. గోడ మీది ఇసుక అడుగుకు జారుతుంది, కింది రాళ్లు పైకి తేలతాయి. సగం బంకర్లను పూడ్చి గడ్డి గుంటలుగా వదిలేస్తే ఆట కష్టం పెద్దగా తగ్గదు, వాలే ఆ పని చేస్తుంది.

ఆట వైపు నుంచి చూస్తే ఎత్తుపల్లాలు కంటిని మోసగిస్తాయి. గ్రీన్ 10 మీటర్ల కింద ఉంటే బంతికి సుమారు 10 మీటర్లు తక్కువ కొట్టాలి, పైన ఉంటే అంత ఎక్కువ. ఇది కర్ర ఎంపికతో తీరిపోతుంది. గ్రీన్ మీది వాలు అంత తేలిగ్గా తేలదు. చుట్టూ కొండ 15 శాతం వాలి ఉన్నప్పుడు అటే 2 శాతం వాలిన గ్రీన్ చదునుగానో, ఎదురు వాలుగానో కనిపిస్తుంది. హోల్ (బంతి పడే గుంట) కోసేవాళ్లు కంటిని నమ్మకుండా డిజిటల్ లెవెల్ పెట్టి చూడటం మంచిది. బంతి వేగంగా దొర్లే గ్రీన్ మీద 3 శాతం దాటిన చోట హోల్ పెడితే పైనుంచి తాకిన బంతి ఆగదు.

ఆ వేగాన్ని కొలిచేందుకు స్టింప్‌మీటర్ అనే 36 అంగుళాల అల్యూమినియం గాడి ఉంటుంది. ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో ఆలోచించిన పరికరం ఇది. మూడు బంతులు ఒకవైపు, మూడు ఎదురువైపు దొర్లించి సగటు తీస్తారు. చదును నేల దొరకని కొండ గ్రీన్ మీద మామూలు సగటు తప్పుతుంది. పల్లానికి 14 అడుగులు, ఎత్తుకు 7 అడుగులు దొర్లితే సగటు 10.5 వస్తుంది. కానీ రెండింటి లబ్ధాన్ని రెట్టించి, మొత్తంతో భాగించే సూత్రంతో చూస్తే 9.3. మొదటి అంకె నమ్మి గ్రీన్ వేగంగానే ఉందనుకునేవాళ్లు కొందరు, ఇంకో క్లబ్బు బోర్డు మీద 11 చూసి మన గ్రీన్ నిదానమని గడ్డి ఎత్తును 3.5 మిల్లీమీటర్ల నుంచి 3కు దించమనేవాళ్లు కొందరు. నీడలో ఉన్న గ్రీన్‌కు ఆ అర మిల్లీమీటరే ప్రాణం మీదికి తెస్తుంది. వెలుతురు తక్కువైన గడ్డికి కోత ఎత్తు పెంచాలి గానీ తగ్గించకూడదు. నీడ గ్రీన్‌ను 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంచి, కోసే బదులు రెండు రోజులకోసారి రోలర్ తిప్పితే వేగమూ దక్కుతుంది, గడ్డీ దక్కుతుంది.

కార్టు దారులు ఇళ్ల మధ్య నుంచి, లోయలు దాటుకుంటూ పోతాయి. ఒక గ్రీన్ నుంచి తరువాతి టీకి (మొదటి దెబ్బ కొట్టే చోటికి) వందల మీటర్లు ఉండటం మామూలే, అందుకే ఇలాంటి చోట నడిచి ఆడేవాళ్లు తక్కువ, కార్టు అద్దె మీద ఆధారపడటం ఎక్కువ. కాంక్రీటు దారి వాననీటికి కాలువై కూర్చుంటుంది. వాలు ఉన్నచోట ఒకవైపు గట్టు, అక్కడక్కడ నీటిని అడవిలోకి మళ్లించే అడ్డుకట్టు లేకపోతే దారి చివర ఉన్న ఫెయిర్‌వే కోసుకుపోతుంది. కోత యంత్రాలకు వాలు మీద పైకీ కిందికీ నడపడమా, అడ్డంగా నడపడమా అన్నది యంత్రాన్ని బట్టి తయారీదారు చెప్పినదే పాటించాలి. తడి గడ్డి మీద, రాలిన పైన్ ఆకుల మీద చెప్పిన డిగ్రీలు కూడా ఎక్కువే. బోల్తా పడితే కాపాడే రక్షక కమ్మీ ఉన్న యంత్రంలో సీటు బెల్టు కట్టుకోని మనిషిని ఆ కమ్మీయే నలిపేస్తుంది. యంత్రం ఎక్కకూడని గట్లను కోయకుండా స్థానిక గడ్డికే వదిలేయడం చౌక.

కమిటీలు మాత్రం ముందు గడ్డి మార్చడానికే మొగ్గుతాయి. కొత్త రకానికి పేరుంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. కందకంలో పైపుకు రిబ్బను కత్తిరించేవాళ్లు ఎవరూ ఉండరు. వరస మాత్రం వేరుగా ఉండాలి: మొదటి శీతకాలం గరిక నిద్రలో ఉండగా ఆ అయిదారు చెట్లు, రెండో శీతకాలం ఊట కందకాలు, వాల్వులు. ఆ తరువాత ఒక పూర్తి వేసవి ఆగి చూడాలి. చాలా గ్రీన్లు ఆ వేసవికే సగం కోలుకుంటాయి, మార్చాల్సినవి ఒకటో రెండో తేలతాయి. వాటికి పచ్చిక తెచ్చే నర్సరీ మడి మెయింటెనెన్స్ షెడ్డు వెనక ఆరుబయట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. అక్కడ దుప్పటిలా దట్టంగా పెరిగిన బెంట్‌ను చుట్టలు చుట్టి తెచ్చి, తూర్పున పైన్లు అలాగే నిలబడి ఉన్న గ్రీన్ మీద అక్టోబరులో పరిస్తే వసంతం దాకా కళకళలాడుతుంది, ఆగస్టుకల్లా మళ్లీ మట్టి కనిపిస్తుంది.